గులాబీ కొనేముందు: ట్యాగ్ చూడాలా, వంశం చూడాలా?

నేను నాటిన ఎర్ర గులాబీ నాలుగో ఏడు ఉన్నట్టుండి వేషం మార్చింది. ముద్దగా, బరువుగా పూసే మొక్క కాస్తా మనిషెత్తు కొమ్మలు వేసి, వాటి నిండా బొటనవేలి గోరంత తెల్ల పూలు గుత్తులు గుత్తులుగా పెట్టింది. చూసినవాళ్లలో ఒకరు నేల గుణం అన్నారు, ఇంకొకరు ఎరువు ఎక్కువైందన్నారు. నేనూ నమ్మేసేవాణ్నే.

ఆకు కాడ మొదట్లో చూశాక గుట్టు బయటపడింది. అక్కడ కాడకు రెండు పక్కలా అతుక్కుని చిన్న రెక్కలు ఉంటాయి. పత్రపుచ్ఛాలంటారు వాటిని. నా ఎర్ర గులాబీకి వాటి అంచు నున్నగా ఉండేది. ఈ కొత్త కొమ్మలకు మాత్రం దువ్వెన పళ్లలా చీలి ఉన్నాయి. అలా చీలి ఉంటే అది రోసా మల్టీఫ్లోరా అని అనుమానించాలి. జపాన్, కొరియా, చైనాల అడవి గులాబీ అది. అంటుమొక్కలకు కింద వేరు కోసం దాన్ని వాడతారు. పైన కట్టిన రకం చచ్చిపోయింది, కింద అణిగి ఉన్న అడవి మొక్క లేచి నిలబడింది. మారింది పువ్వు కాదు, మొక్కే.

అప్పటినుంచి గులాబీ కొనాలంటే రంగు కన్నా ముందు "దీని తాత ముత్తాతలెవరు?" అని అడగడం అలవాటైంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పద్ధతులు మూడున్నాయి. మొదటిది మొక్కకు వేలాడే ట్యాగ్ మీది వర్గం, అంటే హైబ్రిడ్ టీ, ఫ్లోరిబండా లాంటివి. రెండోది వృక్షశాస్త్రం చేసిన విభజన. మూడోది డీఎన్ఏ. మూడూ ఒకేమాట చెప్పవు. ఏ పనికి ఏది నమ్మాలో, ఏ వంశం మొక్క ఎవరికి నప్పుతుందో నాకు తెలిసినంత చెబుతాను.

ట్యాగ్ మీది వర్గం ఎంతవరకు పనికొస్తుంది

తోటవాళ్ల వర్గాలు చూపును బట్టి పెట్టినవి. పొడవాటి కాడకు ఒక్కటే పెద్ద పువ్వు, కోసుగా విచ్చుకునే మొగ్గ ఉంటే హైబ్రిడ్ టీ. కొంచెం చిన్న పూలు గుత్తిగా వస్తే ఫ్లోరిబండా. 1867లో ఫ్రాన్స్‌లో గియో అనే నర్సరీ యజమాని విడుదల చేసిన 'లా ఫ్రాన్స్'ను మొదటి హైబ్రిడ్ టీగా లెక్కేసి, ఆ ఏడాదికి ముందే ఉన్న వర్గాలన్నిటినీ పాత తోట గులాబీలు అన్నారు. ఈ గీత అమెరికన్ రోజ్ సొసైటీ 1966లో గీసింది. మొక్క 1950లో పుట్టినా సరే, అది గాలికా అనే పాత యూరప్ వర్గానిదైతే పాత గులాబీ కిందే లెక్క. పుట్టిన తేదీ కాదు, ఇంటిపేరు చూస్తారన్నమాట.

మొక్క ఎంత ఎత్తు పెరుగుతుంది, పువ్వు ఏ ఆకారంలో ఉంటుంది, ఎక్కడ నాటితే బాగుంటుంది అన్నవి తెలుసుకోవడానికి ఈ వర్గాలు చాలు. తెగులును తట్టుకుంటుందా, చలికి ఆగుతుందా, విత్తనం కడుతుందా అంటే మాత్రం వర్గం పేరు నోరు మెదపదు. ప్రపంచమంతా పెంచే 'ఐస్‌బర్గ్' సంగతి చూడండి. 1958లో జర్మనీలో కోర్డెస్ సంస్థ తెచ్చిన రకం ఇది. ట్యాగ్ మీద ఫ్లోరిబండా అని ఉంటుంది. కానీ దాని తల్లి 'రాబిన్ హుడ్' అనే హైబ్రిడ్ మస్క్, తండ్రి 'విర్గో' అనే హైబ్రిడ్ టీ. వేరే ఫ్లోరిబండాతో పోలిస్తే దాని నడక వేరుగా ఉండడంలో వింతేముంది?

ట్యాగ్ విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. అందమైన పేరును కాకుండా కోడ్ పేరును చూసుకోండి. 'పీస్' అనే గులాబీనే ఒక దేశంలో 'మదామ్ ఎ. మెయాన్' అన్నారు, ఇంకో దేశంలో 'గ్లోరియా డేయి' అన్నారు, మరో దేశంలో 'జోయా' అన్నారు. ఇప్పటి రకాలకు మొదటి మూడక్షరాలు పుట్టించినవాళ్లను సూచించే కోడ్ ఉంటుంది. ఐస్‌బర్గ్‌కు 'కోర్బిన్', 'గ్రాహమ్ థామస్'కు 'ఆస్మస్' అన్నట్టు. పేర్లు ఎన్నున్నా కోడ్ ఒక్కటే.

వృక్షశాస్త్రం లెక్క

గులాబీ ప్రజాతిలో సుమారు 150 నుంచి 200 జాతులున్నాయి. అన్నీ భూమధ్యరేఖకు ఉత్తరాన పుట్టినవే. 1940లో ఆల్ఫ్రెడ్ రేడర్ చేసిన విభజన చాలాకాలం చెల్లింది. నాలుగు ఉపప్రజాతులు, అందులో అసలు గులాబీల ఉపప్రజాతిలో పది విభాగాలు. ఆకు, పత్రపుచ్ఛం, ముల్లు, కాయ, కీలం (పువ్వు మధ్యలో అండాశయం మీద నిలిచే సన్నని కాడ) ఎలా ఉన్నాయో చూసి చేసిన విభజన ఇది.

డీఎన్ఏ వచ్చాక ఆ గోడల్లో కొన్ని కూలాయి. ఉత్తర అమెరికా జాతుల్ని కరోలినే అని విడిగా పెట్టినవి సిన్నమోమియే విభాగంలో కలిసిపోయాయి. పింపినెల్లిఫోలియే అనే విభాగం ఒకే వంశం కాదని తేలింది. ఇరాన్, మధ్య ఆసియా ఎండు నేలల్లో పెరిగే రోసా పెర్సికాకు మిగతా గులాబీల్లా కాడకు ఐదేడు ఆకులుండవు, ఒక్కటే ఉంటుంది. అందుకని ఒకప్పుడు దాన్ని గులాబీయే కాదన్నారు. ఇప్పుడది గులాబీల్లోనే ఉంది.

ఇదంతా మొక్క కొనేవాడికెందుకు? రెండు పనులకు. మొదటిది, పేరు తెలియని మొక్కను గుర్తుపట్టడం. పూవు మధ్యలో కీలాలన్నీ కలిసి చిన్న స్తంభంలా నిలబడి ఉంటే అది సిన్‌స్టైలే వంశం, అంటే మల్టీఫ్లోరా, మోస్కాటా, విచురానా అనే జాతుల బంధువు. ఆకు కాడకు మూడే మూడు నిగనిగలాడే ఆకులుంటే రోసా లీవిగాటా గుర్తుకు రావాలి. ముళ్లు దాదాపు లేకుండా, పత్రపుచ్ఛాలు విడిగా ఉండి రాలిపోతే బ్యాంక్సియే. కంటితో, మహా అయితే భూతద్దంతో తేలిపోయే విషయాలివి.

రెండో పని సంకరం చేయడం. దగ్గరి బంధువులు సులభంగా కలుస్తారు, దూరపువాళ్లు కలవరు, కలిసినా పిల్లలు గొడ్డుపోతారు. రోసా బ్రాక్టియాటాను ఒక పసుపు టీ గులాబీతో కలిపి 1918లో తెచ్చిన 'మెర్మెయిడ్' ఎంత అందంగా ఉన్నా విత్తనం కట్టడంలో మహా మొండిది. బ్రాక్టియాటాకు చుట్టమైన రోసా క్లైనోఫిల్లా తూర్పు భారతంలో నీటి ఒడ్డున, తడినేలల్లో పెరుగుతుంది. గులాబీల్లో వేడినీ తేమనూ అలా ఓర్చుకునేవి అరుదు. కొడైకెనాల్‌లో వీరరాఘవన్ దంపతులు దాన్నీ, ఈశాన్య భారతపు రోసా జైగాంటియానీ తీసుకుని వేడి ప్రాంతాల కోసం కొత్త రకాలు పుట్టించారు. ఈ దారిలో నడిచినవాళ్లు ప్రపంచంలో బహు కొద్దిమంది.

డీఎన్ఏ ఏం తేల్చింది

'ఓల్డ్ బ్లష్' అనే చైనా గులాబీ జన్యుపటం 2018లో పూర్తయింది. ఏడు క్రోమోజోముల జతలు, వాటిలో సుమారు 36 వేల జన్యువులు. ఇప్పుడు పాత కథల్ని పరీక్షకు పెట్టొచ్చు. కొన్ని నిలబడ్డాయి, కొన్ని పడిపోయాయి.

పడిపోయినవాటిలో నాకు బాగా నచ్చింది డమాస్క్ కథ. పన్నీరుకూ అత్తరుకూ వాడే ఈ గులాబీ రెండు రకాల సంకరాల వల్ల పుట్టిందని సి.సి. హర్స్ట్ అనే జన్యుశాస్త్రవేత్త చెప్పాడు. వేసవిలో ఒక్కసారి పూసేదానికి గాలికా, ఫోనీషియా అనే జాతులు తల్లిదండ్రులట. శరదృతువులో మళ్లీ పూసేదానికి గాలికా, మోస్కాటా తల్లిదండ్రులట. చదివితే నమ్మేలాగే ఉంటుంది. కానీ 2000లో జపాన్ పరిశోధకులు డీఎన్ఏ చూస్తే రెండింటి పుట్టుకా ఒకటేనని తేలింది. మోస్కాటా తల్లి, గాలికా తండ్రి. ఆ బిడ్డకు మధ్య ఆసియా రోసా ఫెడ్చెంకోవానా పుప్పొడి తోడైంది. ఫోనీషియా ఊసే లేదు. ఒక్క గులాబీకి ముగ్గురు పెద్దలు.

అత్తరు కోసం డమాస్క్ నాటాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. బల్గేరియాలోని కజన్‌లాక్ డమాస్క్, టర్కీలోని ఇస్పార్టా డమాస్క్ అని వేర్వేరు పేర్లతో చెప్పుకునేవి జన్యుపరంగా ఒకే మొక్క. తరతరాలుగా కొమ్మ నాటి పెంచారు కాబట్టి తేడా రాలేదు. ఇరాన్‌లో మాత్రం నిజమైన వైవిధ్యం ఉంది. ఒక కిలో నూనెకు సుమారు మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి, కాబట్టి ఎంపికలో తప్పు చేస్తే ఏళ్ల తరబడి మోయాలి. కజన్‌లాకా, ఇస్పార్టానా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మీ మొక్క ఆ ముప్ఫై రేకుల అసలు రకమేనా, ఇంకేదైనా గులాబీని డమాస్క్ పేరుతో అంటగట్టారా అన్నదే చూసుకోవాలి.

అలాగని డీఎన్ఏ అన్నీ చెప్పేయదు. తండ్రి రకం ఎప్పుడో కనుమరుగైపోతే, పోల్చడానికి నమూనా లేకపోతే, మిగిలేది ఊహే. ఇల్లు వాకిలి కోసం రెండు మొక్కలు కొనుక్కునేవాడికి పరీక్ష అక్కర్లేదు, రిజిస్టర్‌లో రాసిన తల్లిదండ్రుల పేర్లు చాలు. పాత తోటలో దొరికిన అనామక గులాబీని కాపాడాలనుకునేవాళ్లకు మాత్రం పరీక్ష చేయించడం నిజంగా పనికొస్తుంది.

ఏడాదంతా పూలు కావాలా? అయితే చైనా రక్తం చూడండి

18వ శతాబ్దం చివరిదాకా యూరప్‌లో గులాబీ అంటే ఏడాదికి ఒక్కసారి పూసేదే. శరదృతువు డమాస్క్ ఒక్కటే కొంచెం మినహాయింపు. అప్పుడు చైనా నుంచి నాలుగు గులాబీలు వచ్చాయి. 'స్లేటర్స్ క్రిమ్సన్' 1792లో, 'పార్సన్స్ పింక్' 1793లో, 'హ్యూమ్స్ బ్లష్' 1809లో, 'పార్క్స్ యెల్లో' 1824లో. మనం పైన చెప్పుకున్న ఓల్డ్ బ్లష్, ఈ పార్సన్స్ పింక్ ఒకటే అంటారు. చైనాలో అప్పటికే వందల ఏళ్లుగా ఇవి తోట మొక్కలు.

వీటి మహిమంతా ఒక జన్యువు చెడిపోవడంలో ఉంది. మామూలు గులాబీలో కేఎస్ఎన్ అనే జన్యువు ఉంటుంది. అది పూతను అదుపు చేస్తుంది, పూత కాలం అయిపోగానే "ఇక చాలు" అంటుంది. చైనా గులాబీలో ఆ జన్యువు మధ్యలో గెంతుడు డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి కూర్చుంది. చాలనే గొంతు మూగబోయింది. ఇక మొక్క ప్రతి చిగురు చివరా పువ్వే పెడుతుంది.

మెలిక ఏమిటంటే, ఈ గుణం అంతర్గతం. అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడిన ప్రతే వస్తేనే బయటపడుతుంది. అందుకే 19వ శతాబ్దం మొదట్లో చైనా గులాబీని యూరప్ గులాబీతో కలిపినవాళ్లకు మొదటి తరంలో నిరాశే ఎదురైంది. పిల్లలన్నీ ఏడాదికోసారి పూసేవే. వాటిని మళ్లీ చైనా వైపు కలిపితే తప్ప గుణం బయటికి రాలేదు. ఇదే కథ 1961లో ఇంగ్లండ్‌లో కొత్త గులాబీలు పుట్టించే డేవిడ్ ఆస్టిన్‌కూ జరిగింది. 'బెల్ ఇసిస్' అనే గాలికాను, 'డెయింటీ మెయిడ్' అనే ఫ్లోరిబండాతో కలిపితే 'కాన్‌స్టన్స్ స్ప్రై' పుట్టింది. ఎంత పువ్వు! కానీ ఏడాదికి ఒక్కసారే. ఆ తర్వాత తరాల్లోనే మళ్లీ మళ్లీ పూసే ఇంగ్లిష్ గులాబీలు వచ్చాయి, 1983 నాటి గ్రాహమ్ థామస్ వాటిలో ఒకటి.

కాబట్టి ఇంగ్లిష్ గులాబీ అని ట్యాగ్ చూసి కాన్‌స్టన్స్ స్ప్రై కొని, పూలు ఆగిపోయాయని కంగారుపడి ఎరువు మీద ఎరువు వేయకండి. అది దాని వంశాచారం.

చైనా, టీ గులాబీలు చలికి జడుస్తాయి, వేడిలో హాయిగా ఉంటాయి. పాత యూరప్ వర్గాలైన గాలికా, ఆల్బా, సెంటిఫోలియాలు అందుకు తిరగేసినవి. సరైన చలికాలం లేకపోతే పూత సన్నగిల్లుతుంది. మీ చోట మంచు పడదంటే గాలికా ఫొటోలు చూసి మనసు పారేసుకోవద్దు, టీ గులాబీల వైపు వెళ్లండి. గడ్డకట్టే చలి ఉంటే ఈ మాటను తిరగేసి చదువుకోండి.

మధ్యేమార్గం కావాలంటే రెండు పాత సంకరాలున్నాయి. నాయిసెట్లు మోస్కాటాకూ పార్సన్స్ పింక్‌కూ పుట్టినవి, అమెరికాలోని చార్ల్స్‌టన్‌లో మొదలయ్యాయి. బర్బన్లు అదే పార్సన్స్ పింక్‌కూ శరదృతువు డమాస్క్‌కూ పుట్టినవి, ఇప్పుడు రీయూనియన్ అని పిలిచే బర్బన్ దీవిలో. వేడికి ఓర్చుకుంటూ వాసన కూడా ఉండాలంటే నా ఓటు బర్బన్‌కే. ఆకు మచ్చల బెడద ఉంటుంది, అది ఒప్పుకుంటున్నాను.

పసుపు రంగుకు కట్టిన అప్పు

గాఢమైన పసుపు గులాబీ యూరప్ పాత వంశాల్లో లేదు. టీ గులాబీల్లో లేత పసుపు ఉంది గానీ, ఎండలో మెరిసే ఆ పచ్చటి పసుపు రోసా ఫోటిడా అనే జాతిది. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జోసెఫ్ పెర్నె-దుషే ఏళ్ల తరబడి కష్టపడి దాని ముద్ద రకం 'పర్షియన్ యెల్లో'ను హైబ్రిడ్ పర్పెచువల్ అనే పాత వర్గపు మొక్క మీదికి ఎక్కించాడు. ఆ దారిలోనే 1900లో 'సొలే దోర్' వచ్చింది. తర్వాత వచ్చిన పసుపు, నారింజ, రాగిరంగు హైబ్రిడ్ టీలలో ఎక్కువ భాగానికి అదే ముత్తాత.

రంగుతో పాటు నల్ల మచ్చ తెగులుకు లొంగిపోయే గుణం కూడా వచ్చింది. ఫోటిడా పొడి గాలిలో పెరిగిన జాతి, ఆ బూజుతో పోరాడాల్సిన అవసరం దానికి పెద్దగా రాలేదు. ఆకు గంటల తరబడి తడిగా ఉంటేనే ఆ బూజు మొలకెత్తుతుంది. అందుకని పసుపు గులాబీ కొనాలా వద్దా అన్నదానికి నా జవాబు గాలిలో తేమను బట్టి ఉంటుంది. ఆకులు పొద్దున్నే ఆరిపోయే చోట నిశ్చింతగా కొనండి. ఆరని చోట, మందు కొట్టే ఓపిక లేకపోతే, ఎర్రటి గుండ్రటి మచ్చ ఉన్న పెర్సికా సంకరాలో, ఇటీవలి తెగులు నిరోధక పసుపు రకాలో వెతకండి. పెర్సికా దారిని జాక్ హార్క్‌నెస్ తెరిచాడు, 1985లో వచ్చిన 'టైగ్రిస్' ఆయనదే. మొదటి పెర్సికా సంకరాలు తోటలో అంత సులభమైనవి కావు, తర్వాతి తరాలు నయం.

నీలం గులాబీ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. గులాబీ వంశంలో ఎక్కడా నీలం వర్ణద్రవ్యం తయారుచేసే ఎంజైము లేదు. జపాన్‌లో సన్‌టోరీ సంస్థ పాన్సీ పువ్వు జన్యువును పెట్టి 2009లో అమ్మకానికి తెచ్చిన 'అప్లాజ్' కూడా చూడ్డానికి లేత ఊదాయే. నీలం గులాబీ విత్తనాలు అని ఎవరైనా అమ్మితే అది మోసమే.

మందు కొట్టడం ఇష్టం లేనివాళ్లకు

రుగోసా, విచురానా, మల్టీఫ్లోరా. ఈ మూడు పేర్లు గుర్తుంటే చాలు.

రుగోసా తూర్పు ఆసియా సముద్రతీరపు ఇసుకలో పెరిగే జాతి. ముడతలు పడ్డ మందపాటి ఆకు, ఉప్పుగాలికి వెరవని తనం, మళ్లీ మళ్లీ పూత, టొమాటో లాంటి కాయలు. 'హన్సా', 'బ్లాంక్ డూబ్ల ద కూబేర్' లాంటి పాత సంకరాలు ఇప్పటికీ మొదటి వరసలోనే ఉన్నాయి. మందు కొడితే దీని ఆకు మాడుతుంది, అదొక్కటే ఫిర్యాదు. ఉత్తర యూరప్ తీరాల్లో ఇది కలుపులా అల్లుకుపోయి అక్కడి మొక్కల్ని తొక్కేస్తోంది, ఆ వైపు ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి.

విచురానా నేలమీద పాకే జాతి, నిగనిగలాడే ఆకు. తీగ గులాబీల్లో చాలావాటికి ఇదే పెద్ద. 1930 నాటి 'న్యూ డాన్' దీని వంశమే. అమెరికాలో మొక్కలకిచ్చిన మొట్టమొదటి పేటెంట్ దానిదే.

మల్టీఫ్లోరా గుత్తి పూలనిచ్చింది. చైనా గులాబీతో కలిసి పాలియాంతా అనే వర్గం అయింది, పాలియాంతా హైబ్రిడ్ టీతో కలిసి ఫ్లోరిబండా అయింది. నల్ల మచ్చను ఎదిరించే ఆర్‌డీఆర్1 అనే జన్యువును శాస్త్రవేత్తలు పట్టుకున్నది కూడా దీనిలోనే.

రుగోసాను, విచురానాను కలిపితే? అదీ జరిగింది, 'మాక్స్ గ్రాఫ్' పుట్టింది. దాదాపు గొడ్డు మొక్క. రెండు పక్కల క్రోమోజోములూ ఒకదానికొకటి జత కుదరలేదు. అయితే విల్హెల్మ్ కోర్డెస్ ఓపిగ్గా ఎదురుచూస్తే ఒక మొలకలో క్రోమోజోములు తమంతట తామే రెట్టింపై 14 కాస్తా 28 అయ్యాయి. ప్రతిదానికీ జత దొరికింది, విత్తనం కట్టింది. దానికే రోసా కోర్డెసీ అని పేరు పెట్టారు. కెనడా చలికి నిలిచే 'విలియం బాఫిన్', 'జాన్ కాబట్' లాంటి తీగలు ఆ మొలక వంశమే. చలీ తెగులూ రెండూ బాధించే చోట ఇంతకన్నా మంచి సలహా నా దగ్గర లేదు.

వాసన కోసం కొనేవాళ్లకు

వాసనలోనూ వంశం కనబడుతుంది. పాత యూరప్ గులాబీల వాసన జెరానియోల్ లాంటి సువాసన పదార్థాలది. టీ గులాబీల వాసన వేరే రసాయనం, దాని మూలం రోసా జైగాంటియా వైపు నుంచి వచ్చింది. గులాబీలో జెరానియోల్ తయారీ వెనక ఎన్‌యుడిఎక్స్1 అనే ఎంజైము ఉందని 2015లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. 'పాపా మెయాన్' ఘుమఘుమలాడుతుంటే, 'రూజ్ మెయాన్'కు వాసన దాదాపు లేకపోవడానికి కారణం ఆ జన్యువు పనిలో తేడాయే. ట్యాగ్ మీద రెండూ హైబ్రిడ్ టీలే! వాసన కావాలంటే వర్గం పేరు మీద ఆధారపడొద్దు. మొక్క పూతలో ఉన్నప్పుడు, ఎండ ముదరక ముందే, ముక్కుతో కొనండి.

సొంతంగా సంకరం చేయాలనుకుంటే

ఇక్కడ అన్నిటికన్నా ముందు క్రోమోజోముల లెక్క. గులాబీలో లెక్కంతా ఏడేడుగా సాగుతుంది. చైనా, రుగోసా, మల్టీఫ్లోరాలకు 14. గాలికా, డమాస్క్, ఇప్పటి హైబ్రిడ్ టీలలో ఎక్కువవాటికి 28. ఈ రెండింటినీ కలిపితే 21 వస్తుంది, బేసి లెక్క కాబట్టి విత్తనం కట్టడం కష్టం. సులభంగా మొదలుపెట్టాలంటే 28ని 28తో కలపండి. చైనాలో యున్నాన్ ప్రాంతపు రోసా ప్రీల్యూసెన్స్‌కు 70 ఉంటాయి, అదొక వింత.

అసలు వింత మాత్రం రోసా కనీనా, అంటే యూరప్ కంచెల్లో పెరిగే కుక్క గులాబీ. దీనికి సాధారణంగా 35. బేసి లెక్క, గొడ్డుపోవాలి. పోదు! కణవిభజనలో 14 మాత్రమే జతలు కడతాయి, మిగిలిన 21 ఒంటరిగా ఉంటాయి. పుప్పొడి తయారయ్యేటప్పుడు ఒంటరివన్నీ వదిలేసి 7 మాత్రమే వెళతాయి. అండం తయారయ్యేటప్పుడు ఒంటరివన్నీ వెంటబెట్టుకుని 28 వెళతాయి. 28కి 7 కలిస్తే మళ్లీ 35. ఐదింట నాలుగు వంతుల ఆస్తి అమ్మదే. 1920ల మొదట్లో స్వీడన్‌లో టాక్‌హోమ్, ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్, హారిసన్ దీన్ని కనుక్కున్నారు.

అందుకే కనీనాతో సంకరం చేసేటప్పుడు దాన్ని తల్లిగా పెడుతున్నారా, తండ్రిగా పెడుతున్నారా అన్నది చాలా ముఖ్యం. తల్లిగా పెట్టి, గాలికా పుప్పొడి అద్దితే 28కి 14 కలిసి 42 అవుతుంది. పాత ఆల్బా గులాబీలకు సరిగ్గా 42 ఉన్నాయి. ఆ వెన్నెలలాంటి తెల్ల పూలు, బూడిద పూసినట్టుండే ఆకు, చలికీ తెగులుకూ తలవంచని తనం ఎలా వచ్చాయో ఈ కూడికలోనే ఉంది. తిరగేసి గాలికాను తల్లిని చేస్తే 14కు 7 కలిసి 21. అక్కడితో కథ ఆగిపోతుంది.

ఓపిక తక్కువైతే రేకుల సంఖ్య మీద ఆశ పెట్టుకోండి. ముద్దపువ్వు గుణం బహిర్గతం, ఒక పక్కనుంచి వచ్చినా మొదటి తరంలోనే కనబడుతుంది. మళ్లీ మళ్లీ పూసే గుణానికి మాత్రం రెండో తరం దాకా ఆగక తప్పదు.

కింద వేరు ఎవరిది?

అంటుమొక్క కొంటే మీరు రెండు గులాబీలు కొంటున్నారు. పైదాని వంశం అడిగేవాళ్లు కిందిదాని గురించి అడగరు, నేనూ అడగలేదు. నేల పుల్లగా ఉంటే మల్టీఫ్లోరా వేరు బాగా పనిచేస్తుంది, సున్నం ఎక్కువైన నేలలో దాని ఆకు పసుపెక్కుతుంది. అలాంటి నేలకు కనీనా వంశపు వేరు మేలు. వేడి ప్రాంతాల్లో, ఇసుక నేలలో, వేరు పురుగుల బెడద ఉన్నచోట బ్యాంక్సియే, లీవిగాటాల సంకరమైన ఫార్చూనియానా వేరును మెచ్చుకుంటారు.

అంటు అక్కర్లేకుండా సొంత వేరు మీద పెరిగే మొక్క దొరికితే, చైనా, టీ, రుగోసా, విచురానా వంశాలకు నేను దాన్నే తీసుకుంటాను. మొదటి రెండేళ్లు మందంగా ఉన్నా తర్వాత అందుకుంటుంది. గడ్డకట్టే చలికి పైదంతా పోయినా, కిందినుంచి లేచేది అదే గులాబీ. పెద్ద పూల హైబ్రిడ్ టీలు చాలావరకు సొంత వేరు మీద బలంగా నిలవవు, వాటికి అంటే మంచిది.

అంటుమొక్కను తెచ్చిన రోజే మొదలు దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న అతుకు ఎక్కడుందో చూసి పెట్టుకోండి. దానికి కిందనుంచి వచ్చే ఏ చిగురైనా అడవి మొక్కదే. కత్తెరతో పైపైన కత్తిరిస్తే ఒకటి పోయి మూడొస్తాయి. మట్టి తవ్వి, అది వేరు నుంచి పుట్టిన చోటు దాకా వెళ్లి, చేత్తో చీల్చి లాగేయాలి. నేనా చిగుర్లను చూసి "మొక్క ఏపుగా పెరుగుతోంది" అని రెండేళ్లు మురిసిపోయాను.